బీరువా బండి

నా బీరువా కోసి కారు చేసినాడు దస్తగిరి.
చీటీ పాడి నేను కొనుక్కున్న బీరువా,
ఆకుపచ్చది,
తలుపు తీస్తే పిల్లిపిల్ల మాదిరి అరిచేది.
నాలుగు దినాలు పుట్టింటికి పోయి వచ్చేసరికి
చీరలు మంచం మీద,
రేకు ఆయన వెల్డింగు అంగట్లో మంట కింద.

మూడు నెలలు మాట్లాడలే.
సంకటి ముద్ద పెడతా, గిన్నె గట్టిగా పెడతా,
అంతే.

మూడు చక్రాలు, పాత స్కూటరు ఇంజను.
ఇద్దరు పడతారు,
ఒకరు ఊపిరి తీస్తే ఇంకొకరు వదలాల.
అల్మాస్‌పేట సందుల్లో మేక పోయే చోటల్లా పోతాది.
పెంచలయ్య సారు కారు మా వీధిలోకి రాదు,
మొదట్లో నిలబెట్టి నడిచొస్తాడు.
గుడిసంత బండిలో ఆయనొక్కడే,
గాదె అడుగున మిగిలిన గింజ మాదిరి.
"ఏంది దస్తగిరీ ఇది, కారా, కారుకు పుట్టిన పిల్లా?"
"పిల్లే సార్. పాలు తక్కువ తాగుతాది."

రాయచోటిలో మా చెల్లెలు కొత్తింట్లో పాలు పొంగిస్తాంటే
బస్సుకు పోదామని మూట కట్టినా.
బండి వాకిట్లోకి తెచ్చి తలుపు తీసినాడు.
అదే అరుపు. పిల్లిపిల్ల.
ఎక్కినా.

పెద్ద కార్లలో అలిగినోళ్లు వెనక సీట్లో కూర్చుంటారంట.
దీంట్లో వెనక లేదు.

ఏడురోడ్ల కాడ పోలీసాయన చెయ్యి అడ్డం పెట్టి
చుట్టూ ఒకసారి తిరిగి, వంగి చూసి,
ఆటో ఖానాలో రాయాల్నా స్కూటరు ఖానాలోనా
తేలక పుస్తకం మూసినాడు.
"బీరువా మాదిరి ఉందే" అన్యాడు.
నవ్వు ఆపుకున్యా,
నవ్వితే కోపం పోతాదేమోనని.

బంకు పిల్లోడు రెండు లీటర్లు కొట్టి
గొట్టం పట్టుకుని నిలబడే ఉండాడు, ఇంకా చెప్తామని.
"చాల్లే, పోనూ రానూ."

నేను కొప్పు సర్దుకునే అద్దంలో
ఇప్పుడు లారీలు కనపడతాండాయి,
కడప చిన్నదయిపోతాంది.

ఊరు దాటినాక మొదలైంది గడగడ.
యాడో లోపల ఏదో ఊడినట్టు.
మూణ్ణెల్లుగా వెతుకుతాండాడంట,
చైను మార్చినాడు, నట్లన్నీ బిగించినాడు,
రాత్రిపూట బండి కింద చెవి ఆనించి పడుకున్నాడంట.
నాకు రెండో గుంతకే తెలిసిపోయింది.
చెప్పలే.

గువ్వలచెరువు ఘాటు.
మూడో మలుపులో బండికి దమ్ము చాలలేదు.
దిగినా.
నేను నడిస్తే ఎంతో, బండీ అంతే.
నేను పక్కన, ఆయన కిటికీలో.
లారీ క్లీనరొకడు తల బయటపెట్టి
"అక్కా, నువ్వే ముందు చేరేట్టుండావే!"
ఎండకు రేకు మీద దోసె పోసుకోవచ్చు.
అంత నిదానంగా కదిలే మనిషి పక్కన
మూతి ముడుచుకుని ఎంతసేపని నడుస్తారు ఎవరైనా?

"నీళ్లు తాగుతావా" అన్యాడు.
"అడక్కుండా కోసినావు" అన్యా.
ఒక మలుపు తిరిగినాం.
"రేకు మంచిది. ఇప్పుడట్లాంటిది రాదు" అన్యాడు.
తప్పయింది అనడం ఆయనకు అట్లే వచ్చు.

కోవా అంగడి కాడ ఆపి
మళ్లీ వంగినాడు ఇంజను కిందికి.
మొలలో దోపుకున్న తాళంచెవి తీసి
స్టీరింగు పక్కన లాకరు తెరిచినా.
బీరువా లాకరే,
చెక్కుచెదరకుండా కోసి బిగించినాడు,
తాళం నన్ను అడగలేక.
కలరా ఉండల వాసన.
ఏడు గోలీకాయలు.
పిల్లోడు మింగుతాడని దాచిపెట్టినవి,
ఇప్పుడు వాడు గడ్డం గీసుకుంటాండాడు.

గోలీలు అరచేతిలో పోసుకుని
నట్లు చూసినట్టు ఒక్కొక్కటే తిప్పి చూసినాడు.
"మూణ్ణెల్లు" అన్యాడు.
"నాకూ మూణ్ణెల్లే" అన్యా.

కోవా ఒకటే పొట్లం కొన్నాం.
రెండోది పెట్టుకోను చోటు యాడిది?

మళ్లీ ఎక్కినా. మోకాలికి మోకాలు తగుల్తాంది,
ఆయన చొక్కాకు పెట్రోలు వాసన, నా చీరకు కలరా ఉండలది.
గోలీలు లాకర్లోనే వేసి
తాళం వేసి
చెవి మొలలో దోపుకున్యా.

గడగడ ఉండనీ.